ముందు ప్లగ్ పాయింట్, తర్వాతే బండి

ఎలక్ట్రిక్ స్కూటర్ కొందామనుకుంటున్నాను, ఏ కంపెనీది మంచిది అని అడిగేవాళ్లను నేను తిరిగి ఒకటే అడుగుతాను: రాత్రి బండి ఎక్కడ పెడతారు? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగలిగినవాళ్లకు ఏ పేరున్న కంపెనీ బండైనా దాదాపు సరిపోతుంది. జవాబు లేనివాళ్లు ఎంత ఖరీదైన బండి కొన్నా మూడు నెలలు తిరక్కుండానే పాత పెట్రోలు బండి తాళం మళ్లీ జేబులో వేసుకుంటారు. షోరూంలో రంగు, స్క్రీను, వేగం అన్నీ చూపిస్తారు. మీ సెల్లార్లో సాకెట్ ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. హైదరాబాద్‌లో రోజూ ఉద్యోగానికి వెళ్లి వచ్చే మనిషికి ఎలక్ట్రిక్ స్కూటర్ ఎలా కలిసొస్తుందో, ఎక్కడ కలిసిరాదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. విజయవాడ, విశాఖల్లో ఉన్నవాళ్లకు కరెంటు రేట్లు మారతాయి కానీ ఆలోచించాల్సిన వరస మారదు.

సొంత ఇల్లుండి, గేటు లోపల బండి పెట్టుకునే చోటుంటే చెప్పాల్సింది తక్కువే. కష్టమంతా అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు, అందులోనూ అద్దెకున్నవాళ్లకు. మూడో అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు కిందికి వేలాడదీసి ఛార్జింగ్ పెడుతున్న ఇళ్లు నగరంలో చాలా కనిపిస్తాయి. దయచేసి ఆ పని చేయొద్దు. సన్నటి వైరు గంటల తరబడి కరెంటు లాగుతూ వేడెక్కుతుంది, వాన పడితే జాయింట్లలోకి నీళ్లు దిగుతాయి, ఆడుకునే పిల్లల చేతికి అందుతుంది.

సరైన పద్ధతి అంతకంటే తేలికైనది. మన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి అన్ని ఫ్లాట్ల మీటర్లూ కింద పార్కింగ్‌లోనే ఒక బోర్డు మీద వరసగా ఉంటాయి. అంటే మీ మీటరు మీ బండికి ఇరవై, ముప్పై అడుగుల దూరంలోనే ఉంది. మీ మీటరు దాటాక వచ్చే లైను నుంచి ఒక పాయింట్ తీసి, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను పైపులో గోడ వెంట మీ పార్కింగ్ దాకా లాగించండి. మొదట్లో 16 ఆంపియర్ల ఎంసీబీ, దాంతోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు ఎక్కడైనా లీకైతే మనిషి ప్రాణం మీదికి రాకముందే లైను ఆపేసేది ఈ ఆర్‌సీసీబీయే. చివర్న 16 ఆంపియర్ల సాకెట్, దానికి స్విచ్, రెండూ తాళం వేసుకునే పెట్టెలో ఉండాలి. మీరు వాడిన కరెంటు మీ బిల్లులోనే పడుతుంది, ఉమ్మడి మీటరు జోలికి పోరు. అపార్ట్‌మెంట్లలో తగాదాలన్నీ ఉమ్మడి మీటరు దగ్గరే మొదలవుతాయి.

ఎర్తింగ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పాత బిల్డింగుల్లో మూడు కన్నాల సాకెట్ ఉంటుంది కానీ, పైన ఉన్న పెద్ద కన్నానికి వెనకాల తీగే ఉండదు. ఉన్నా ఎక్కడో తెగిపోయి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించండి. ఆర్‌సీసీబీ పెట్టకముందు ఫేజుకూ ఎర్తుకూ మధ్య టెస్ట్ లాంపు పెడితే నిండుగా వెలగాలి. మసకగా వెలిగినా, అసలు వెలగకపోయినా ఎర్త్ పనిచేయనట్టే. కొన్ని ఛార్జర్లు ఎర్త్ లేకపోతే మొరాయించి ఎర్ర లైటు చూపిస్తాయి. జనం దాన్ని బండి తప్పనుకుని సర్వీస్ సెంటరు చుట్టూ తిరుగుతుంటారు.

ఇంటి యజమానితో గానీ అసోసియేషన్‌తో గానీ మాట్లాడేటప్పుడు ‘పర్మిషన్ ఇవ్వండి’ అని మొదలుపెడితే ‘చూద్దాం’ అన్న మాటే వస్తుంది. లెక్కతో వెళ్లండి. ‘అంకుల్, వైరు మా మీటరు నుంచే తీసుకుంటాం. ఖర్చు మాదే, బిల్లు మాదే. ఆర్‌సీసీబీ కూడా పెట్టిస్తున్నాం. ఖాళీ చేసేటప్పుడు పాయింట్ మీకే వదిలేస్తాం’ అని చెబితే కాదనే యజమాని తక్కువ. అసోసియేషన్ వాళ్లు అభ్యంతరం పెడితే, కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు చూపించండి. ఇంట్లో, ఆఫీసులో ఇప్పటికే ఉన్న కరెంటు కనెక్షన్‌తోనే సొంత వాహనానికి ఛార్జింగ్ పెట్టుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది.

వాళ్ల భయాన్ని మాత్రం తేలిగ్గా తీసిపారేయొద్దు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంటి లోపల ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ఇద్దరు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బండ్ల షోరూం ఉన్న హోటల్ భవనంలో మంటలు లేచి, పొగ పైకి కమ్మి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఆ దుర్ఘటనల తర్వాతే బ్యాటరీ భద్రత ప్రమాణం ఏఐఎస్-156ను కఠినం చేశారు. 2022 డిసెంబరు 1న ఒక విడత, 2023 మార్చి 31న రెండో విడత అమల్లోకి వచ్చాయి. కాబట్టి కొత్త బండ్లు అప్పటి బండ్ల లాంటివి కావని నమ్మకంగా చెప్పొచ్చు. అయినా మూడు విషయాల్లో రాజీ పడొద్దు. బయటికి తీసే బ్యాటరీ అయితే మనుషులు పడుకునే గదిలో ఛార్జింగ్ పెట్టొద్దు. మెట్ల దగ్గర, బయటికి వెళ్లే దారిలో పెట్టొద్దు, మంట లేస్తే ఇంట్లోవాళ్లు తప్పించుకోవడానికి అదే దారి. కంపెనీ ఇచ్చిన ఛార్జరు పోతే బజార్లో దొరికే చవక ఛార్జరు కొనొద్దు.

డబ్బు లెక్క నిజంగా వేస్తే

‘పెట్రోలు డబ్బుతోనే ఈఎంఐ తీరిపోతుంది సార్’ అన్న మాట ప్రతి షోరూంలోనూ వినిపిస్తుంది. అది కొందరికి నిజం, చాలామందికి కాదు. ఎవరికి నిజమో చూద్దాం.

రానుపోను 30 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగిని తీసుకోండి. ఉప్పల్ నుంచి బేగంపేట దాటి వెళ్లే మనిషి అనుకోండి. నెలకు 26 రోజులంటే 780 కిలోమీటర్లు. పెట్రోలు స్కూటర్ ఊళ్లో లీటరుకు 45 ఇస్తుందనుకుంటే పదిహేడు లీటర్ల చిల్లర. లీటరు రూ.107 చొప్పున దాదాపు రూ.1,850. ఎలక్ట్రిక్ స్కూటర్ ఊళ్లో కిలోమీటరుకు సుమారు 30 వాట్ అవర్లు తింటుంది. ఛార్జర్లో వేడిగా పోయేది కూడా కలుపుకుంటే నెలకు 27 యూనిట్లు. యూనిట్ రూ.9.50 ఉన్న శ్లాబులో కూడా రూ.260 దాటదు. నెలకు రూ.1,600 మిగులుతుంది. లక్ష రూపాయల అప్పు 11 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ రూ.3,274. పెట్రోలులో మిగిలేది అందులో సగమే. మిగతా సగం జీతంలోంచి రావాలి.

అదే రోజుకు 60 కిలోమీటర్లు తిరిగితే మిగులు రూ.3,200 దాకా వస్తుంది, షోరూం మాట దాదాపు నిజమవుతుంది. రోజుకు పది కిలోమీటర్లే తిరిగితే నెలకు అయిదొందల చిల్లర మిగులుతుంది. పెట్రోలు బండి ఇంకా బాగా నడుస్తుంటే, పది కిలోమీటర్ల మనిషి దాన్ని అమ్మి కొత్తది అప్పు మీద కొనడం నాకు సమ్మతం కాదు. పాత బండి ఎలాగూ మార్చాల్సిన సమయం వస్తే అప్పుడు ఎలక్ట్రిక్ కొనండి. అప్పుడు లెక్క రెండు బండ్ల ధరల మధ్య తేడాకే పరిమితమవుతుంది, ఆ తేడా త్వరగానే పూడుతుంది.

ఇక కరెంటు బిల్లులో ఒక గొయ్యి ఉంది. దాని గురించి ఎవరూ చెప్పరు, జీతగాళ్ల ఇళ్లకు ముఖ్యంగా తగిలేది అదే. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు జీరో బిల్లు వస్తుంది. మీ ఇంటి వాడకం 180 యూనిట్లు అనుకోండి. బండి 27 యూనిట్లు కలిపింది, 207 అయింది. జీరో బిల్లు పోయి, ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. 200 యూనిట్లు దాటినవాళ్లకు మొదటి యూనిట్ నుంచే రూ.5.10 లెక్క కాబట్టి వెయ్యి రూపాయలకు పైమాటే. పెట్రోలులో మిగిలిన పదహారు వందల్లో పెద్ద భాగం అక్కడే కరిగిపోయింది.

ఈ పథకం లేనివాళ్లకూ 200 దగ్గర దెబ్బ ఉంది. 180 యూనిట్లకు శ్లాబు ప్రకారం కరెంటు చార్జీ రూ.724 అవుతుంది, 207 యూనిట్లకు రూ.1,074 అవుతుంది. అంటే బండికి పెట్టిన 27 యూనిట్లకు రూ.350 కట్టినట్టు, యూనిట్ రూ.13 పడినట్టు. పెట్రోలుతో పోలిస్తే ఇదీ చవకే, కానీ తెలిసి కట్టడం వేరు. అందుకే బండి కొనకముందు గత పన్నెండు నెలల బిల్లులు తీసి వరసగా చూడండి. ఏప్రిల్, మే నెలల్లో కూలరు, ఏసీ వాడకంతో ఎలాగూ 200 దాటుతుంటే ఆ రెండు నెలలకు కొత్త నష్టం ఏమీ లేదు. ఏడాది పొడుగునా 150 దగ్గరే ఆగుతుంటే ధైర్యంగా కొనొచ్చు. 175, 190 మధ్య ఊగుతుంటే మాత్రం ఆఫీసులో ఛార్జింగ్ పెట్టుకునే వీలు ముందు చూసుకోవాలి. వారంలో మూడు రోజులు అక్కడ పెట్టినా ఇంటి మీటరు మీద పడే భారం సగానికి తగ్గుతుంది.

రాయితీల గురించి రెండు మాటలు. కేంద్రం ఇచ్చే రాయితీ 2021లో బ్యాటరీ కిలోవాట్ అవర్‌కు రూ.15,000 ఉండేది. 2023 జూన్‌లో రూ.10,000, 2024 ఏప్రిల్‌లో రూ.5,000, 2025 ఏప్రిల్‌లో రూ.2,500 అయింది. ఏటా కరుగుతూ వచ్చిన ఆ డబ్బును నమ్ముకుని లెక్క వేసుకోవద్దు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తి మినహాయింపు ఉంది. కొటేషన్‌లో ఆ పేర్లతో ఏదైనా రాస్తే ఎందుకని అడగండి. ఎలక్ట్రిక్ బండి లోను వడ్డీ కింద పన్ను లెక్కించే ఆదాయంలో లక్షన్నర దాకా తగ్గుతుందని ఇంకా కొందరు చెబుతున్నారు. 80ఈఈబీ సెక్షన్ కింద అది 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 మధ్య మంజూరైన అప్పులకే వర్తిస్తుంది. ఇప్పుడు తీసుకునే అప్పుకు రాదు.

ఎంత బ్యాటరీ కావాలి

బ్రోషర్లో రాసే రేంజ్ ల్యాబులో కొలిచింది. ఊళ్లో గతుకులు, ఫ్లైఓవర్లు, సిగ్నల్ పడగానే దూసుకెళ్లే అలవాటు, వెనక మరో మనిషి అన్నీ కలిస్తే అందులో డెబ్బయి శాతం వస్తే గొప్ప. పైగా బ్యాటరీ ఏటేటా కొంత సత్తువ పోగొట్టుకుంటుంది. వారంటీల్లో చాలావరకు ‘70 శాతం ఆరోగ్యం’ దాకా తగ్గడాన్ని మామూలుగానే లెక్కేస్తారు. ఈ రెండూ కలిపి నేను చెప్పే కొలత: మీ రోజువారీ రానుపోను దూరానికి రెండింతలకు తక్కువ కాకుండా బ్రోషర్లో రేంజ్ ఉండాలి, అంతకంటే ఎక్కువ కోసం డబ్బు పోయొద్దు. 30 కిలోమీటర్ల మనిషికి రెండు కిలోవాట్ అవర్ల బ్యాటరీ చాలు. నాలుగుది కొంటే వాడని బరువును రోజూ మోస్తూ, దానికి వడ్డీ కూడా కట్టినట్టు. బండి ధరలో అన్నిటికంటే పెద్ద వాటా బ్యాటరీదే.

ఛార్జింగ్‌కు ఎంతసేపు పడుతుందన్న భయం కూడా లెక్క వేయకపోవడం వల్ల వచ్చిందే. బండితో వచ్చే మామూలు ఛార్జరు 750 వాట్ల చుట్టూ ఉంటుంది. 30 కిలోమీటర్లకు ఖర్చయ్యేది ఒక యూనిట్‌కు కాస్త అటూ ఇటూ. అంటే గంటన్నరలో ఆ రోజు తిరిగిన దూరం తిరిగి నిండుతుంది. సున్నా నుంచి నూరు దాకా ఎంతసేపన్న ప్రశ్న రోజువారీ ఉద్యోగికి దాదాపు అక్కర్లేదు. ఇంటికి రాగానే కాకుండా అరగంటో ముప్పావుగంటో బ్యాటరీ చల్లారనిచ్చి పెట్టండి. ఎండాకాలం ఇది తప్పనిసరి.

కొనేముందు షోరూం చుట్టూ ఒక రౌండు వేయించి పంపేస్తామంటే ఒప్పుకోవద్దు. ఉదయం తొమ్మిదిన్నరకు మీరు వెళ్లే దారిలోనే, మీరు వెళ్లే వేగంతో నడిపి చూడండి. వంద శాతం నుంచి ఎంతకు దిగిందో చూస్తే బ్రోషర్ అక్కర్లేదు. బ్యాటరీ ఇరవై శాతం కిందికి దిగాక బండి ఎంత నెమ్మదిస్తుందో అడిగి తెలుసుకోండి. చాలా బండ్లు అక్కణ్నుంచి వేగం తగ్గించేస్తాయి. సాయంత్రం ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనక లారీ ఉంటే అది చిన్న విషయం కాదు.

సర్వీస్ సెంటరుకు కూడా ఒకసారి మీరే వెళ్లండి. శనివారం పొద్దున వెళ్లి బయట దుమ్ము పట్టి ఆగిన బండ్లెన్ని ఉన్నాయో చూడండి. అక్కడ నిలబడ్డ ఇద్దరు ముగ్గురిని ‘బండి ఇచ్చి ఎన్ని రోజులైంది అన్నా?’ అని అడగండి. ఏ యూట్యూబ్ రివ్యూలోనూ ఇంత పనికొచ్చే సమాచారం దొరకదు. పెట్రోలు బండి ఆగితే వీధి చివర మెకానిక్ చూస్తాడు. దీనికి పంక్చర్ తప్ప మిగతా ఏదొచ్చినా కంపెనీ మనిషే రావాలి. మీ ఇంటికి పది కిలోమీటర్లలో సర్వీస్ లేని కంపెనీ బండిని, ఎంత నచ్చినా, ఉద్యోగానికి నమ్ముకోవద్దు.

మెట్రో, బస్సుతో కలిపి

ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాం కదా అని ఇంటి నుంచి ఆఫీసు దాకా దాని మీదే పోవాలని లేదు. నగరం అంచుల్లో ఇల్లు దొరికిన ఉద్యోగులకు దాని అసలు ఉపయోగం మొదటి ఏడెనిమిది కిలోమీటర్లలోనే ఉందని నా అభిప్రాయం. హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలై మూడు మార్గాల్లో 69 కిలోమీటర్లు విస్తరించింది. కానీ బోడుప్పల్, పీర్జాదిగూడ, ఘట్‌కేసర్‌లలో ఉన్నవాళ్లకు అది ఉప్పల్, నాగోలులో మొదలవుతుంది. హయత్‌నగర్ వాళ్లకు ఎల్బీనగర్‌లో, పటాన్‌చెరు వాళ్లకు మియాపూర్‌లో. అక్కడిదాకా షేర్ ఆటోల్లో పడే అవస్థే చాలామందిని మెట్రోకు దూరం చేసింది. చిన్న బ్యాటరీ ఉన్న చవక స్కూటర్ ఆ ఖాళీని పూరిస్తుంది. రానుపోను పదిహేను కిలోమీటర్లంటే రెండు మూడు రోజులకు ఒకసారి ఛార్జింగ్ పెడితే చాలు. అన్నిటికంటే చిన్న బండి తీసుకోవచ్చు, నెలకు పదిహేను యూనిట్లలోపే అవుతుంది కాబట్టి జీరో బిల్లూ నిలబడే వీలుంది.

డబ్బు విషయం దాచను. నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రో టికెట్ 2025 మేలో సవరించాక రూ.69. రానుపోను 138. అదే దూరం స్కూటర్ మీద రానుపోను వెళితే కరెంటుకు ఇరవై రూపాయలు కూడా కాదు. కాబట్టి మెట్రోలో పొదుపు చూడొద్దు. రోజుకు దాదాపు 60 కిలోమీటర్లు ట్రాఫిక్‌లో బండి నడిపే నడుం నొప్పి, కళ్లమంట, జూన్ నుంచి అక్టోబరు దాకా వాన, రాత్రి తొమ్మిదికి అలసిపోయి నడిపే ప్రమాదం, వీటన్నిటికీ ఆ 118 రూపాయలు ఇస్తున్నట్టు అనుకోండి. వారంలో రెండు రోజులు మెట్రో, మిగతా రోజులు స్కూటర్ అని పెట్టుకున్నవాళ్లున్నారు. వాన సూచన ఉన్న రోజున మెట్రో అని పెట్టుకోవడం అంతకంటే తెలివైన పద్ధతి. మెట్రో స్టేషన్ పార్కింగ్‌కు కూడా రుసుము ఉంటే దాన్ని లెక్కలో కలపండి.

ఆడవాళ్లకు ఇంకో దారి ఉంది, ఇది బాగా కలిసొస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15 నుంచి మొదలైంది. ఇంటి నుంచి నేరుగా ఆఫీసుకు బస్సు లేని అమ్మాయి, బస్సులు వరసగా దొరికే పెద్ద స్టాపు దాకా స్కూటర్ మీద వెళ్లి అక్కడ బస్సెక్కితే, నెల ప్రయాణ ఖర్చు వంద రూపాయలకు అటూ ఇటూ తేలుతుంది. రాత్రి స్టాపులో దిగాక ఆటో కోసం చీకట్లో నిలబడే అవసరం ఉండదు. బండి మాత్రం దుకాణాలున్న, లైట్లున్న చోట పెట్టండి. డబ్బు కట్టైనా సరే కాపలా ఉన్న పార్కింగ్ మంచిది.

ఆఫీసులో బండి ఎనిమిది గంటలు ఊరికే నిలబడి ఉంటుంది. దానికి ఫాస్ట్ ఛార్జర్ అక్కర్లేదు, గోడకు ఒక మామూలు 16 ఆంపియర్ల సాకెట్ చాలు. పెద్ద ఐటీ క్యాంపస్‌లలో ఇది ఎలాగూ ఉంటోంది. ఆస్పత్రుల్లో, బట్టల షాపుల్లో, ప్రైవేటు స్కూళ్లలో, చిన్న ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు అడగడానికే మొహమాటపడుతుంటారు. ఒక్కరే వెళ్లకుండా, బండ్లున్న నలుగురు కలిసి కాగితం మీద రాసి ఇవ్వండి. ఇలా రాస్తే చాలు: ‘మా నలుగురికి ఎలక్ట్రిక్ స్కూటర్లున్నాయి. పార్కింగ్‌లో రెండు సాకెట్లు పెట్టించవలసిందిగా మనవి. ఒక్కో బండికి రోజుకు ఒక యూనిట్, అంటే సుమారు పది రూపాయల కరెంటు ఖర్చవుతుంది. సబ్‌మీటర్ పెట్టి, అయిన బిల్లు మా జీతంలో మినహాయించుకున్నా మాకు సమ్మతమే.’ రోజుకు పది రూపాయల కరెంటు అని అంకె కనిపిస్తే మేనేజరు ముఖంలో బిగువు తగ్గుతుంది. అడగకుండా లిఫ్టు పక్కన సాకెట్లో గుచ్చేయడం మాత్రం వద్దు, ఒకరు చేసిన ఆ పనికి అందరికీ తలుపు మూసుకుంటుంది.

డెలివరీ పనిచేసేవాళ్లకు పై లెక్కలు వేరేగా ఉంటాయి. రోజుకు వంద కిలోమీటర్ల పైన తిరిగేవాళ్లకు బండి సొంతంగా కొనడం కంటే, బ్యాటరీ మార్చుకునే వీలున్న అద్దె బండితో రెండు నెలలు చేసి చూడటం మేలు. ఎందుకంటే నాలుగేళ్లలో అరగాల్సిన బ్యాటరీ వాళ్ల చేతిలో ఏడాదిన్నరలోనే అరుగుతుంది. వారంటీ, బీమా కాగితాల్లో ‘వాణిజ్య వాడకం’ అన్న మాట ఎక్కడుందో కొనేముందే వెతకండి. సొంత వాడకానికని తీసుకుని డెలివరీకి తిప్పితే వారంటీ చెల్లదని చాలా కాగితాల్లో రాసి ఉంటుంది.

‘లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు’ అని అమ్మే బండ్ల గురించి జాగ్రత్త. మోటారు 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించని బండ్లకే ఆ వెసులుబాటు. కొందరు అమ్మకందార్లు ఒక తీగ తప్పించి దాన్ని నలభై, యాభైకి పరిగెత్తేలా చేసి ఇస్తారు. ఆ క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్, బీమా లేని మోటారు వాహనం. ఎవరినైనా గుద్దితే పరిహారం మీ ఇల్లమ్మి కట్టాల్సి రావచ్చు. ఆకుపచ్చ నంబరు ప్లేటున్న బండే కొనండి, లైసెన్సు తీసుకోండి, హెల్మెట్ పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్ బండైతే తయారైన నెల చూడండి. 2023 ఏప్రిల్‌కు ముందుదైతే కొత్త బ్యాటరీ ప్రమాణాలకు ముందు తయారైనది కావచ్చు, అలాంటిది ఎంత చవకగా వచ్చినా వదిలేయమనే చెబుతాను. ఆ తర్వాతిదైతే సర్వీస్ సెంటరులో బ్యాటరీ ఆరోగ్యం ఎంతుందో కాగితం మీద రాయించుకుని, వారంటీ మీ పేరు మీదికి మారుతుందని తేలాకే డబ్బివ్వండి.

ఇక రోజువారీ సంరక్షణ. రోజూ నూరు శాతం నింపి రాత్రంతా వదిలేయకుండా ఎనభై, తొంభై దగ్గర ఆపితే బ్యాటరీకి ఆయుష్షు. అయితే ఎల్ఎఫ్‌పీ రకం బ్యాటరీని అప్పుడప్పుడు పూర్తిగా నింపాలి. మీది ఏ రకమో, కంపెనీ ఏం చెప్పిందో మాన్యువల్‌లో చూడండి. ఊరెళ్లి రెండు వారాలు ఉండాల్సి వస్తే సగం ఛార్జింగ్‌తో వదలండి. నిండుగానూ, ఖాళీగానూ వదలొద్దు. కొన్ని బండ్లలో పెద్ద బ్యాటరీతోపాటు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి విడిగా ఉంటుంది. అది చచ్చిపోతే పెద్దది నిండుగా ఉన్నా బండి స్టార్ట్ కాదు. పొద్దున్నే డ్యూటీకి బయల్దేరేటప్పుడు బండి ఉలుకూ పలుకూ లేకుంటే మొదట అనుమానించాల్సింది దాన్నే.

బండి మోతలేకుండా వెళుతుందన్నది మరో విషయం. రోడ్డు దాటే ముసలివాళ్లు చెవులను నమ్ముకుని అడుగేస్తారు. సందుల్లో, స్కూళ్ల దగ్గర మీరే ముందుగా నెమ్మదించి హారన్ కొట్టాలి.

మే నెల మధ్యాహ్నం ఎండలో బండి పెట్టి, తీయగానే ఛార్జింగ్ పెట్టొద్దు. నీడ దొరక్కపోతే కనీసం సీటు మీద గుడ్డ కప్పి, ఛార్జింగ్ రాత్రికి వాయిదా వేయండి. వానకు బ్యాటరీలు తట్టుకుంటాయి, ఐపీ67 అని రాసి ఉన్నవి కాసేపు నీళ్లలో మునిగినా లోపలికి చుక్క పోకూడదు. కానీ ఆ పరీక్ష మంచినీళ్లతో చేసింది, మన వీధుల్లో పొంగే డ్రైనేజీ నీళ్లతో కాదు. కాళ్లు పెట్టుకునే చోటు దాకా నీళ్లున్న రోడ్డులోకి దిగొద్దు. 2020 అక్టోబరు వరదల్లో లాగా సెల్లార్లోకి నీళ్లొచ్చి బండి మునిగితే, నీళ్లు పోయాక తాళం తిప్పి చూడాలన్న ఆత్రం ఆపుకోవాలి. స్టార్ట్ చేయొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. సెల్లారు మెయిన్ స్విచ్ ఆపించి, బండిని గోడకూ మిగతా బండ్లకూ దూరంగా బయటికి తోయించండి. తోసేముందు ఉన్నదున్నట్టు ఫొటోలు తీసి, సర్వీస్ సెంటరుకూ బీమా కంపెనీకీ అదే రోజు సమాచారం ఇవ్వండి. మీ పాలసీలో బ్యాటరీకి, నీళ్లు దూరడానికి కవరేజీ ఉందో లేదో వానాకాలం మొదలయ్యేలోపే ఏజెంటును అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి.